కొట్టులో కంప్యూటర్ స్లో: ర్యామా, హార్డ్ డిస్కా, నెట్టా?

యార్డు గుమస్తా, గుంటూరు:
నమస్కారమండీ. మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. పొద్దున కంప్యూటర్ ఆన్ చేసి టీకి వెళ్లొచ్చినా టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) ఇంకా తెరుచుకోదు. సీజన్‌లో రైతులు పట్టీల (అమ్మకం లెక్క చీటీల) కోసం ఎదురుగా నిలబడి ఉంటారు, చాలా టెన్షన్‌గా ఉంటోంది. ఒక షాపతను చూసి "మెమరీ ఫుల్, ర్యామ్ వేయించండి" అన్నాడు. ఇంకొకతను "ర్యామ్ వేస్టు, ఎస్‌ఎస్‌డీ వేయండి" అన్నాడు. నెట్ కుర్రాడు వచ్చి "మా లైన్ బాగానే ఉంది, మీ సీపీయూ పాతది" అనేసి పోయాడు. ఏది కొనాలో తేల్చి చెప్పమని మా ఓనరు గారు నన్నే అడుగుతున్నారు. నాకేమో ఈ మాటలే సరిగా తెలీవు. సీ డ్రైవ్‌లో సగం పైన ఖాళీ కనపడుతోంది, మరి మెమరీ ఎలా ఫుల్ అయింది?

ఇంకోటి. లోపలి గదిలో రెండో కంప్యూటర్ ఉంది. అది వైఫై మీద మొదటి దాంట్లోని టాలీ డేటానే తెరుస్తుంది. మధ్యమధ్యలో ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. 100 ఎంబీపీఎస్ ప్లాన్ అన్నారు, ఏది డౌన్‌లోడ్ పెట్టినా 11 దాటదు.

తెనాలి కుర్రాడు:
ఫార్మాట్ కొట్టించెయ్ అన్నా. కొత్తదానిలా అవుద్ది.

బెజవాడ సర్వీస్:
తమ్ముడూ, లెక్కల కంప్యూటర్ అని చెబుతుంటే బ్యాకప్ ఉందా అని అడక్కుండా ఫార్మాట్ అంటావేంటి? చాలా చోట్ల టాలీ డేటా సీ డ్రైవ్‌లోనే పడి ఉంటుంది. ఫార్మాట్ కొడితే సీజన్ లెక్కంతా గోవిందా.

గుమస్తా గారూ, మీకు చెప్పిన ముగ్గురిలో ఎవరూ పూర్తిగా తప్పు చెప్పలేదు, ఎవరూ కొలిచి చూడలేదు, అంతే. ముందు మెమరీ సంగతి. ర్యామ్ అంటే మీ కొట్టు ముందు టిక్కీలు (మిర్చి బస్తాలు) దించి కాటా వేసే స్థలం. హార్డ్ డిస్క్ అంటే కోల్డ్ స్టోరేజీ. కోల్డ్ స్టోరేజీలో ఎంత చోటున్నా, పని జరిగేది కొట్టు ముందే. అక్కడ చోటు చాలకపోతే కొన్ని టిక్కీలు వెనక్కి పంపి, అవసరమైనవి మళ్లీ తెప్పించుకోవాలి. కంప్యూటర్ కూడా ర్యామ్ నిండగానే కొంత సరుకు డిస్క్ మీదికి తోసి, కావాల్సినప్పుడు మళ్లీ లాక్కుంటుంది. మీరు చూసిన ఖాళీ డిస్క్‌ది. ఆ షాపతను చెప్పింది ర్యామ్ గురించి. పవర్ పోతే ర్యామ్‌లోది పోతుంది, డిస్క్‌లోది ఉంటుంది. సేవ్ కొట్టమని అందరూ మొత్తుకునేది అందుకే.

ఇప్పుడు ఒక పని చేయండి. టాలీ, బ్రౌజర్ రెండూ తెరిచి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. చిన్న కిటికీలా వస్తే కింద "మోర్ డీటెయిల్స్" నొక్కి, పెర్ఫార్మెన్స్ అనే దాంట్లోకి వెళ్లండి. సీపీయూ, మెమరీ, డిస్క్ ఎంతెంత చూపిస్తున్నాయో ఇక్కడ పెట్టండి. మెమరీ మీద నొక్కితే "స్లాట్స్ యూజ్డ్" అని ఉంటుంది, అది కూడా. ప్రాసెసర్ పేరు సీపీయూ పేజీలో పైన కుడివైపు ఉంటుంది.

యార్డు గుమస్తా, గుంటూరు:
చూశానండీ. ప్రాసెసర్ ఐ3-4150. సీపీయూ 20 శాతం లోపే. మెమరీ 3.9కి 3.5 జీబీ వాడుతోంది, స్లాట్స్ 2లో 1. డిస్క్ 100 శాతం, కిందికి దిగట్లేదు. సగం ఖాళీగా ఉన్న డిస్క్ 100 శాతం ఏంటి? పైగా బిల్లులో 500 జీబీ అని ఉంది, ఇక్కడ 465 చూపిస్తోంది. మోసపోయామా?

బెజవాడ సర్వీస్:
మోసం లేదండీ. డిస్క్ చేసేవాళ్లు 1 జీబీ అంటే వంద కోట్ల బైట్లు అని లెక్కేస్తారు. విండోస్ మాత్రం 1024 చొప్పున మూడుసార్లు గుణించి లెక్కేస్తుంది. అందుకే 500 అక్కడికొచ్చేసరికి 465 అవుతుంది. ఎవరి డిస్క్ చూసినా ఇంతే.

ఆ 100 శాతం నిండిపోవడం గురించి కాదు. డిస్క్ ఒక్క క్షణం ఖాళీ లేకుండా పని చేస్తోందని అర్థం. మీది పాత రకం హార్డ్ డిస్క్. లోపల పళ్లెం తిరుగుతుంటుంది, డెస్క్‌టాప్ డిస్కులు ఎక్కువగా నిమిషానికి 7200 చుట్లు. దాని మీద సన్నటి చెయ్యి అటూ ఇటూ జరుగుతూ ఒక్కో ముక్కా వెతుక్కోవాలి. పెద్ద ఫైల్ ఒకటే వరసగా చదవడం దానికి పర్లేదు. విండోస్ మొదలయ్యేటప్పుడు, టాలీ తెరిచేటప్పుడు వేల చిన్న చిన్న ముక్కలు అక్కడోటి ఇక్కడోటి చదవాలి, అక్కడ చతికిలపడుతుంది. మీ ర్యామ్ కూడా దాదాపు నిండింది కాబట్టి ఆ బరువూ దాని మీదే పడుతోంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ కదిలేదీ ఏమీ ఉండదు, అంతా చిప్పులే. అందుకే ఆ వెతుకులాట ఉండదు. సీపీయూ 20 శాతమే అంటే అది డిస్క్ కోసం చేతులు కట్టుకుని కూర్చుంది. నెట్ కుర్రాడు అన్న మాట మీ జబ్బుకి వర్తించదు.

బ్రాడీపేట ల్యాప్‌టాప్:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. సీపీయూ పాతదంటే మా ఇంట్లో డబ్బా మొత్తం పాతదనుకుంటారు. ఏది ఏంటో ఒక్క ముక్కలో చెప్పరా?

బెజవాడ సర్వీస్:
డబ్బా క్యాబినెట్. అందులో వెడల్పాటి బోర్డు మదర్‌బోర్డ్, అన్నీ దానికే తగులుకుంటాయి. సీపీయూ అంటే దాని మీద ఫ్యాన్ కింద ఉండే చిన్న చదరపు చిప్పు. కరెంటు సరిచేసి ఇచ్చే పెట్టె ఎస్‌ఎమ్‌పీఎస్. టైమ్ ప్రతిసారీ వెనక్కి పోతుంటే బోర్డు మీద నాణెం లాంటి బ్యాటరీ అయిపోయినట్టు. సీఆర్2032 అని అడగండి, వాచీల కొట్లో కూడా దొరుకుతుంది. తేదీ తప్పుంటే బ్యాంకు వెబ్‌సైట్లు "సెక్యూర్ కాదు" అని తలుపు వేసేస్తాయి, జనం వైరస్ అనుకుని కంగారు పడతారు.

తెనాలి కుర్రాడు:
అయితే ర్యామ్ 8, ఎస్‌ఎస్‌డీ 512 ఎన్‌వీఎంఈ (నేరుగా బోర్డులో గుచ్చే రకం) వేసేస్తే సరి. నాది అదే, రాకెట్టు.

బెజవాడ సర్వీస్:
నీ బోర్డు వేరు తమ్ముడూ. ఐ3-4150లో గీత తర్వాత మొదటి అంకె 4, అంటే నాలుగో తరం ప్రాసెసర్. ఆ కాలం బోర్డుల్లో ఎన్‌వీఎంఈ పెట్టే స్లాట్ మామూలుగా ఉండదు. కొనుక్కొచ్చి ఎక్కడ గుచ్చాలో తెలీక మళ్లీ షాపుకి పరిగెత్తాలి. గుమస్తా గారికి కావాల్సింది 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ. ఇప్పుడున్న హార్డ్ డిస్క్‌కి తగిలించిన రకం వైర్లే దానికీ సరిపోతాయి. లెక్కలకి 240 లేదా 256 జీబీ ధారాళం.

ఓనరు గారికి ఇంకో సంగతి కూడా చెప్పాలి మీరు. విండోస్ 10కి మామూలుగా వచ్చే ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంటుంది. అడ్డదారిలో ఎక్కించేవాళ్లున్నారు, లెక్కలూ బ్యాంకు లావాదేవీలూ ఉన్న మెషీన్‌కి నేను ఒప్పుకోను. అంటే ఈ కంప్యూటర్ మీద పెద్ద ఖర్చు దండగ. రేపు కొత్తది కొన్నా పనికొచ్చే వస్తువే ఇవాళ కొనండి. సాటా ఎస్‌ఎస్‌డీ ఊడదీసి కొత్త డెస్క్‌టాప్‌లో పెట్టుకోవచ్చు. ర్యామ్ అలా కాదు. మీ బోర్డుకి డీడీఆర్3 కావాలి, ఇప్పటి బోర్డులకి డీడీఆర్4, డీడీఆర్5. గాటు వేరేచోట ఉంటుంది, ఒకదాంట్లో ఇంకోటి దిగనే దిగదు. అందుకని ఎస్‌ఎస్‌డీ కొత్తది బిల్లుతో తీసుకోండి. ర్యామ్ ఇంకో 4 జీబీ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికితే రెండో స్లాట్‌లో వేయించండి, లేకపోతే వదిలేయండి. వేయిస్తే మటుకు విండోస్ 64 బిట్ అవునో కాదో చూడండి. 32 బిట్ అయితే 4 జీబీ దాటి వాడుకోలేదు.

డబ్బా తెరిచినప్పుడు బ్లోయర్ కూడా కొట్టించండి. బయట, మూతికి గుడ్డ కట్టుకుని. యార్డు నుంచి వచ్చిన డబ్బాలు తెరిస్తే మా షాపంతా తుమ్ములే.

యార్డు గుమస్తా, గుంటూరు:
నవ్వొచ్చింది గానీ నిజమేనండీ, ఫ్యాన్ ఎర్రగా ఉంది. మరి రెండో కంప్యూటర్ సంగతి?

బెజవాడ సర్వీస్:
నెట్ వేరు, నెట్‌వర్క్ వేరుగా చూడండి. మీ రెండు కంప్యూటర్లూ రౌటర్ ద్వారా మాట్లాడుకుంటాయి, అది కొట్టు లోపలి వ్యవహారం, లాన్ అంటారు. టాలీ డేటా ఆ లోపలి దారినే వెళ్తుంది, బయటి ఇంటర్నెట్‌తో దానికి పని లేదు. బయట ఫైబర్ తెగి పెట్టె మీద సిగ్నల్ పోయిందని చెప్పే ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా వెలిగినా, రౌటర్‌కి కరెంటు ఉంటే రెండో కంప్యూటర్‌లో టాలీ నడవాలి.

11 గురించి కంగారు వద్దు. ప్లాన్‌లో చెప్పే 100 మెగాబిట్లు. డౌన్‌లోడ్ దగ్గర కనపడేది మెగాబైట్లు. 8 బిట్లు ఒక బైట్, 100ని 8తో భాగిస్తే 12.5. మీకు 11 వస్తోందంటే లైన్ నిజంగానే బాగుంది, ఆ కుర్రాడు ఈ విషయంలో కరెక్టే.

ఆగిపోయే సంగతి ఇలా పట్టుకోండి. రెండో కంప్యూటర్‌లో సీఎండీ (ఆజ్ఞలు టైప్ చేసే నల్ల కిటికీ) తెరిచి "ఐపీకాన్ఫిగ్" (ipconfig) అని ఇంగ్లీషులో కొట్టండి. డిఫాల్ట్ గేట్‌వే అని 192.168తో మొదలయ్యే నంబర్ వస్తుంది, అది రౌటర్ అడ్రస్. "పింగ్" (ping, అవతలిది పలుకుతోందా అని అడిగే ఆజ్ఞ) అని రాసి, ఖాళీ వదిలి, ఆ నంబర్ కొట్టండి. నాలుగు జవాబులు రావాలి. తర్వాత 8.8.8.8కి కూడా కొట్టండి, అది బయట ఇంటర్నెట్‌లో ఉండే గూగుల్ వాళ్ల అడ్రస్. మొదటిదే తడబడితే లోపం మీ కొట్టులో. మొదటిది నాలుగూ చక్కగా వచ్చి రెండోది తడబడితే లోపం బయటి లైన్‌లో.

యార్డు గుమస్తా, గుంటూరు:
రౌటర్‌కే తడబడుతోందండీ. రెండొచ్చాయి, రెండు "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్". రౌటర్ ముందు గదిలో ఇనప బీరువా వెనక ఉంది.

బెజవాడ సర్వీస్:
ఇనప బీరువా, దాని తర్వాత గోడ. వైఫైకి ఇంతకన్నా పగ ఏముంటుంది. రౌటర్‌ని బీరువా మీదికి మారిస్తే కొంత నయం. 5 గిగాహెర్ట్జ్‌కి మార్చమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, దాని వేగం ఎక్కువే గానీ గోడలు దాటడంలో 2.4 కన్నా బలహీనం. లెక్కల కంప్యూటర్‌కి అసలు మందు కేబుల్. క్యాట్ 6 వైరు, రెండు కొసలా ఆర్‌జే45 కొక్కేలు వేయించి, ఒక కొస కంప్యూటర్‌కి, ఇంకో కొస రౌటర్ వెనక లాన్ అని రాసున్న రంధ్రంలో పెట్టండి. రెండు కంప్యూటర్లకి విడిగా స్విచ్ (నెట్‌వర్క్ వైర్లు కలిపే పెట్టె) అక్కర్లేదు. రౌటర్ అడాప్టర్‌ని కూడా యూపీఎస్‌కి తగిలించండి. కరెంటు పోయినప్పుడు కంప్యూటర్లు రెండూ బతికే ఉండి మధ్యలో రౌటర్ ఆగిపోతే, ఎంట్రీ సగంలో తెగి టాలీ డేటా చెడిపోయే ప్రమాదం ఉంది.

యార్డు గుమస్తా, గుంటూరు:
చాలా థ్యాంక్స్ అండీ. ఎస్‌ఎస్‌డీ వేస్తే టాలీ, అను తెలుగు ఫాంట్లు అన్నీ మళ్లీ ఎక్కించాలా?

బెజవాడ సర్వీస్:
అక్కర్లేదు, క్లోన్ చేయమని అడగండి. పాత డిస్క్‌లో ఉన్నది ఉన్నట్టుగా ఎస్‌ఎస్‌డీలోకి దిగుతుంది, ఫాంట్లతో సహా. షాపుకి తీసుకెళ్లే ముందు టాలీ బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో తీసి మీ జేబులో పెట్టుకోండి. క్లోన్ కుదరక కొత్తగా విండోస్ వేయాల్సి వస్తే, పాత డిస్క్ మీద ఉండగానే టాలీ లైసెన్స్ సరెండర్ చేసి (అంటే కంపెనీకి వెనక్కిచ్చి), కొత్తదాంట్లో మళ్లీ యాక్టివేట్ చేయించండి. పాత డిస్క్ షాపులో వదలకండి, తెచ్చుకోండి.