ఆఫ్రికా పల్లెల్లో పంటి వైద్యం ఎలా?

ఆఫ్రికా పల్లెటూళ్ళకి వైద్యం అందాలంటే డాక్టర్లని పంపడం ఒక్కటే దారా? జ్వరమైతే ఎవరో ఒకరు మాత్ర ఇస్తారు, పన్ను పుచ్చితే ఏంటండీ, కరెంటే సరిగ్గా ఉండని ఊళ్ళు కదా?

↳ కరెంటు అక్కర్లేదండి. 1980ల్లో టాంజానియాలో మొదలైన ఏఆర్‌టీ (అట్రామాటిక్ రెస్టోరేటివ్ ట్రీట్‌మెంట్) అనే పద్ధతి ఉంది, డ్రిల్లు లేకుండా చేతి పనిముట్లతోనే పుచ్చిన మెత్తటి భాగం గీకేసి, గ్లాస్ అయానమర్ అనే పళ్ళు నింపే సిమెంటు కలిపి వేలితో నొక్కి నింపేస్తారు, చాలాసార్లు మత్తు ఇంజెక్షన్ కూడా అవసరం పడదు.

↳ ఇథియోపియా 2003లో హెల్త్ ఎక్స్‌టెన్షన్ ప్రోగ్రాం పెట్టి, స్థానిక అమ్మాయిలకే ఏడాది ట్రైనింగ్ ఇచ్చి ఊళ్ళో ఆరోగ్య కార్యకర్తలుగా జీతానికి పెట్టుకుంది. ఆ జీతమే అసలు సంగతి, ఊరికే సేవ చెయ్యమంటే ఎన్నాళ్ళు చేస్తారు?

↳ రువాండాలో 2016 నుంచి డ్రోన్లు రక్తం ప్యాకెట్లని పారాచూట్‌తో ఆస్పత్రి దగ్గర జారవిడుస్తున్నాయి. ఎక్కించడానికి నర్సు ఉండాలనుకోండి.

↳ వేలితో నొక్కడమా! ఇది తెలీదండి, థాంక్స్.