విజయవాడ లైబ్రరీల్లో పిల్లలూ పెద్దలూ కలిసి వెళ్లే కార్యక్రమాలు ఏమున్నాయి?

పటమట అమ్మ:
నమస్తే అండీ. మేం మొన్న జూన్‌లో హైదరాబాద్ నుంచి విజయవాడ వచ్చేశాం. పాప మూడో తరగతి, బాబుకి నాలుగేళ్లు. మా మామగారు కరెంటు డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యారు, అత్తయ్యగారు పోయాక ఇంట్లోంచి కదలడం బాగా తగ్గించేశారు. పొద్దున్నే పేపరు పట్టుకుంటే టెండరు ప్రకటనలతో సహా మొత్తం చదివేస్తారు, ఆ తర్వాత రాత్రి దాకా టీవీయే. పాపకి సెలవొస్తే ఫోను తప్ప ఇంకో లోకం లేదు. ఈ ముగ్గుర్నీ కలిపి తీసుకెళ్లే చోటు కోసం చూస్తున్నాను. మాల్‌కి వెళితే మామగారు పది నిమిషాలకే కూర్చోడానికి కుర్చీ వెతుక్కుంటారు, పార్కులో అయితే పాపకి విసుగు.

నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయని విన్నాను, కానీ ఆన్‌లైన్‌లో ఎంత వెతికినా అయిపోయాక పెట్టిన ఫొటోలే కనిపిస్తున్నాయి. ముందుగా ఎక్కడ తెలుస్తుంది, పేర్లు ఎవరికివ్వాలి, నాలుగేళ్లవాణ్ని రానిస్తారా, డబ్బులేమైనా కట్టాలా? ఆదివారం అయితే గుంటూరు దాకా అయినా వస్తాం. తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

శాఖా గ్రంథాలయం ఉద్యోగి:
అమ్మా, నేను ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేస్తాను, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను. వారోత్సవాలు ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా జరుగుతాయి, 1968 నుంచీ ఇదే వారం. బాలల దినోత్సవం నాడే మొదలవుతాయి కాబట్టి పిల్లల పోటీలు ఎక్కువ: చిత్రలేఖనం, వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్, పాటలు. 19న ఆడవాళ్ల కోసం ముగ్గులో, పాటలో పెడతారు చాలాచోట్ల, 20న బహుమతులు. ఏ రోజు ఏది అన్నది ఒక్కో లైబ్రరీలో ఒక్కోలా ఉంటుంది. మా దగ్గర కరపత్రం ప్రెస్‌కి వెళ్లేసరికే వారం దగ్గర పడిపోతుంది, అప్పటిదాకా కాగితం మీద మార్కరుతో రాసి న్యూస్‌పేపర్ల బల్ల పక్కనున్న బోర్డుకి అంటిస్తాం. మీరు ఆన్‌లైన్‌లో వెతికితే దొరకనిది అందుకే. నవంబరు మొదటి వారంలో ఒకసారి మనిషి వెళ్లి అడగాల్సిందే. శాఖా గ్రంథాలయాలు పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7, శుక్రవారం సెలవు. ఆదివారం తెరిచే ఉంటాయన్న సంగతి చాలామందికి తెలియదు, అక్కడికి వచ్చి చూసి ఆశ్చర్యపోతారు.

డబ్బుల గురించి అడిగారు. పోటీలకి ఏమీ కట్టక్కర్లేదు. అసలు మీరు ఇప్పటికే కడుతున్నారమ్మా. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉంటుంది, 1960 నాటి చట్టం ప్రకారం వసూలయ్యే ఆ డబ్బే మాకు ఆధారం. అద్దెకుంటే మీ అద్దెలోంచి ఓనరు కడుతున్నట్టు. కాబట్టి మొహమాటపడకుండా రండి. పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లాలంటే మాత్రం కొద్దిపాటి డిపాజిట్ కట్టాలి, మానేసినప్పుడు అది వెనక్కి ఇస్తారు.

మీ మామగారి గురించి ఒక మాట. మా రీడింగ్ రూములో సగం కుర్చీలు గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ చదువుకునే పిల్లలవి, మిగతా సగం పేపరు కోసం వచ్చే పెద్దాయనలవి. వీళ్లూ వాళ్లూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. చిన్నపిల్లలకి కథ చెప్పే మనిషి కోసం ప్రతి వేసవిలో నేను వెతుక్కుంటాను, ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ మొదటి వారం దాకా వేసవి శిబిరం పెడతాం, కథలు చదివించడం, బొమ్మలు, చెస్, ఇంగ్లిషులో మాట్లాడించడం అన్నీ ఉంటాయి, నేర్పేవాళ్లే దొరకరు. కరెంటు పని తెలిసిన తాతగారు దొరికితే వదులుకుంటామా? తుపాను వచ్చినప్పుడు స్తంభాలెక్కి లైన్లు ఎలా వేశారో చెబితే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. మీ దగ్గరి లైబ్రేరియన్‌ని అడిగి చూడండి.

సత్యనారాయణపురం:
పైన సార్ చెప్పింది నిజమే కానీ ఒక జాగ్రత్త చెబుతానండీ. రెండేళ్ల క్రితం మా బాబుని ఒక లైబ్రరీలో చిత్రలేఖనం పోటీకి తీసుకెళ్లాను, పేరు అనవసరం. పదింటికి అన్నారు, మేం పావుతక్కువ పదికి వెళ్లేసరికి తొమ్మిదింటికే మొదలుపెట్టి కాగితాలు తీసేసుకుంటున్నారు. స్కూళ్లకి ఫోన్లు చేసి చెప్పారట, విడిగా పేరిచ్చిన మాకు ఎవరూ చెప్పలేదు. కొత్త క్రేయాన్స్ డబ్బా ఒళ్లో పెట్టుకుని ఇంటిదాకా ఆటోలో ఏడుస్తూనే ఉన్నాడు వాడు. నాకు చాలా కోపమొచ్చింది, ఇంకెప్పుడూ రాకూడదనుకున్నాను.

మళ్లీ ఎందుకెళ్లామంటే వాడే అడిగాడు. అక్కడ కింది అరలో చూసిన బొమ్మల రామాయణం కావాలని. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున వెళతాం. పోటీలకి ఎక్కువమంది స్కూలు ద్వారానే వస్తారు, మీరు విడిగా వెళితే మీ ఫోన్ నంబరు వాళ్ల పుస్తకంలో రాయించండి, ముందురోజు సాయంత్రం మీరే ఒకసారి ఫోన్ చేసి టైము అడగండి. డ్రాయింగ్ షీటు చాలాచోట్ల వాళ్లే ఇస్తారు, రంగులూ అట్టా మనమే తెచ్చుకోవాలి. నాలుగేళ్లవాళ్లకి పోటీలేమీ ఉండవు కానీ ఎవరూ వద్దనరు, మా చిన్నది చాప మీద కూర్చుని పుస్తకంలో ఏనుగులు లెక్కపెట్టుకుంటుంది. మంచినీళ్ల సీసా మాత్రం తీసుకెళ్లండి.

బ్రాడీపేట పాఠకుడు:
గుంటూరు వస్తానన్నారు కాబట్టి చెబుతున్నా. బృందావన్ గార్డెన్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర అన్నమయ్య గ్రంథాలయం ఉంది, లక్షకు పైగా పుస్తకాలు. ఒక్క మనిషి జీవితమంతా కూడబెట్టిన పుస్తకాలతో మొదలైంది అది. మీ మామగారికి పాత పత్రికలు చూపించండి, తను చిన్నప్పుడు చదివిన ధారావాహికలు దొరికాయంటే ఇక సాయంత్రం దాకా కదలరు, మా నాన్నగారితో నాకు సరిగ్గా అదే అయింది. పిల్లలు గుడి ఆవరణలో తిరుగుతారు. ఊళ్లో సాహిత్య సభలూ పుస్తకావిష్కరణలూ అయితే శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో ఎక్కువ, పేపర్లో జిల్లా పేజీలో 'నేడు' అనే చిన్న కాలమ్ చూస్తే తెలిసిపోతుంది. ఆ పని మీ మామగారికి అప్పగించండి, ఎలాగూ పేపరంతా చదువుతున్నారుగా.

ఇంకాస్త ఓపిక ఉంటే ఒకరోజు రైలెక్కి చీరాల పక్కన వేటపాలెం వెళ్లండి. 1918లో మొదలైన సారస్వత నికేతనం అక్కడే. దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు, ఆయన చేతికర్ర ఇంకా అక్కడ దాచి ఉంచారు. మా అమ్మాయి దాన్ని చూసి "ఇంత సన్నగా ఉందేంటి నాన్నా" అంది.

కృష్ణలంక మాస్టారు:
ఈ చర్చ చూసి సంతోషమేసింది. పిల్లలకి ఊరి సంగతి కూడా చెప్పండమ్మా. ఊరూరా లైబ్రరీలు పెట్టించిన గ్రంథాలయోద్యమానికి బెజవాడ పుట్టిల్లు లాంటిది. ఇక్కడి రామమోహన గ్రంథాలయం 1911 నాటిది, ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం 1914 ఏప్రిల్ 10న ఈ ఊళ్లోనే ఏర్పడింది, దాని వెనక తిరిగిన మనిషి అయ్యంకి వెంకటరమణయ్యగారు. మీరుంటున్న పటమటలోని సర్వోత్తమ భవనం ఆ ఉద్యమ నాయకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి పేరు మీద కట్టింది, ఇంటికి దగ్గరే కదా, ముందు అక్కడికి నడిచి వెళ్లండి. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. పడవ రేవుకి రాగానే రైతులు పాత పుస్తకం ఇచ్చి కొత్తది తీసుకునేవాళ్లు. ఇది చెబితే ఏ పిల్లాడైనా ఇంకో పది ప్రశ్నలు వేస్తాడు, నా అనుభవం.

నవంబరు అయిపోయాక జనవరి మొదట్లో పుస్తక మహోత్సవం ఉంది, 1989 నుంచీ జరుగుతోంది. సుమారు పదకొండు రోజులు. పిల్లలకి విడిగా వేదిక ఉంటుంది, పాటలూ పద్యాలూ అక్కడే, మధ్యలో ఒకరోజు పుస్తకప్రియులంతా కలిసి పాదయాత్ర చేస్తారు. ఒకప్పుడు స్వరాజ్య మైదానంలో జరిగేది, ఇప్పుడు చోటు మారుతోంది కాబట్టి డిసెంబరు చివర్లో పేపరు చూడండి. ఆదివారం సాయంత్రం జనం విపరీతం, మామగారితో వెళ్లేటట్టయితే మామూలు రోజు మధ్యాహ్నం దాటగానే వెళ్లండి.

పటమట అమ్మ:
ఇన్ని వివరాలు వస్తాయనుకోలేదండీ, అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న సాయంత్రం ఐదింటికి నలుగురం కలిసి దగ్గర్లోని లైబ్రరీకి వెళ్లొచ్చాం. వారోత్సవాల కాగితం ఇంకా అంటించలేదు, లైబ్రేరియన్ మేడమ్ పాప పేరు చిత్రలేఖనానికీ క్విజ్‌కీ రాసుకున్నారు, ఫోన్ నంబరు కూడా దగ్గరుండి రాయించాను. బాబు కింది అర ముందు కూర్చుని లేవనన్నాడు. సార్ చెప్పినట్టు మామగారి సంగతి భయంభయంగానే అడిగితే, ఆవిడ వెంటనే పెన్ను తీసి "16న సాయంత్రం పెట్టేస్తాను, ఏ పేరుతో వేయమంటారు సార్?" అని నేరుగా ఆయన్నే అడిగారు. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఫ్యూజు ఎందుకు కాలుతుంది అని వేయండి" అన్నారు.

పొద్దున్నుంచీ అటక మీద వెతుకుతున్నారు. పాత పింగాణీ ఫ్యూజు కట్టవుట్లు (ఫ్యూజు తీగ బిగించేవి) రెండు దొరికాయి, స్తంభం మీద ఉండే ఇన్సులేటర్ ఒకటి కావాలట, పిల్లల చేతికిచ్చి బరువు చూడమనాలని. విజయవాడలో పాత సామాను షాపుల్లో అలాంటిది ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెప్పగలరా?