షియాన్‌లో ఒక పగలే ఉంటే: మట్టి సైన్యమా, హ్యూయన్‌త్సాంగ్ పగోడానా?

యాత్రాసక్తి:
అమ్మానాన్నలను వెంటబెట్టుకొని చైనా వెళ్తున్నాం. షియాన్‌లో ఒక పగలు మాత్రమే దొరుకుతుంది. తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో లింటాంగ్ దగ్గరున్న మట్టి సైనికుల గుంతలకు వెళ్ళాలా, లేక నగరంలోనే ఉండి హ్యూయన్‌త్సాంగ్ పగోడా, కోటగోడ చూడటం మేలా? నాన్నగారికి మోకాళ్ళ నొప్పి ఉంది.

రాతికోట:
సందేహానికి తావే లేదు, మట్టి సైన్యాన్నే చూడండి. 1974లో బావి తవ్వుతున్న రైతుల పనిముట్లకు తగిలి బయటపడిన ఆ సైన్యాన్ని, క్రీ.పూ. 221లో చైనాను ఏకం చేసిన చిన్ షీ హువాంగ్ సమాధికి కాపలాగా నిలిపారు. మొదటి గుంత ఒక్కటే 230 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు ఉంటుంది. గట్టు మీది నుంచి చూస్తే మనిషెత్తు సైనికులు బారులు తీరి ఉంటారు. ఒకరి ముఖం మరొకరికి రాదు. రెండో గుంతలో దొరికిన, మోకాలి మీద కూర్చున్న విలుకాడి చెప్పు అడుగున కుట్లను కూడా చుక్కలు చుక్కలుగా తీర్చారు.

కృష్ణాతీరం:
రాతికోట గారూ, ఒక పర్యటన సంస్థతో నేను అక్కడికి వెళ్ళాను. దారిలో బొమ్మల కార్ఖానాలోనూ, జేడ్ నగల దుకాణంలోనూ పూటంతా కూర్చోబెట్టారు. తీరా గుంత దగ్గరికి చేరాక జనం భుజాల సందుల్లోంచి తొంగిచూడటమే మిగిలింది, మా అమ్మ ఏమీ చూడలేకపోయింది. పెద్దవాళ్ళున్నారు కాబట్టి పగోడాకే వెళ్ళండి. 645లో మన దేశం నుంచి 657 బౌద్ధ గ్రంథాలతో తిరిగివచ్చిన చైనా భిక్షువు హ్యూయన్‌త్సాంగ్, వాటిని భద్రపరచడానికి 652లో కట్టించిన కట్టడం అది. ఆయన మన ధాన్యకటకంలో, అంటే నేటి అమరావతి ప్రాంతంలో ఆగి, అక్కడి భిక్షువుల దగ్గర బౌద్ధ తత్త్వశాస్త్రమైన అభిధర్మం చదువుకున్నాడు. తెలుగువారు షియాన్ వెళ్ళి ఆ మెట్ల దగ్గర నిలబడకుండా రావడం నాకు మింగుడుపడదు.

సిల్క్‌దారి:
కోటగోడను మరువకండి. చుట్టుకొలత 13.7 కిలోమీటర్లు, పైన బండ్లు తిరిగేంత వెడల్పు. సైకిళ్ళు అద్దెకు దొరుకుతాయి, నడవలేనివారికి విద్యుత్ బండ్లూ ఉన్నాయి.

రాతికోట:
మిమ్మల్ని దుకాణాల చుట్టూ తిప్పింది ఆ సంస్థ. అందుకు సైనికులను తప్పుబట్టడం న్యాయం కాదు. ఇక మీరు చెప్పిన పగోడా హ్యూయన్‌త్సాంగ్ కట్టించినది కానే కాదు. ఆయన కట్టించిన అయిదంతస్తుల కట్టడం పాడైపోతే, ఆయన 664లో మరణించిన చాలా ఏళ్ళకు, 704లో దాన్ని తిరిగి కట్టారు. మీరు మొక్కుతున్నది ఎవరి ఇటుకలకు?

కృష్ణాతీరం:
అలాగైతే మీ సైనికుల మాట కూడా చెప్పుకోవాలి. పైకప్పు కాలి కూలినప్పుడు వాళ్ళలో అత్యధికులు ముక్కలైపోయారు. నేడు నిలబడి ఉన్నవారిని పురావస్తు నిపుణులు పెంకు పెంకు ఏరి అతికించారు. అయినా వాటిని నకిలీవని నేననలేదు. పగోడా దక్షిణ ద్వారానికి అటూ ఇటూ గూళ్ళలో 653 నాటి రెండు శిలాఫలకాలున్నాయి. చక్రవర్తులు తైజోంగ్, గావోజోంగ్ హ్యూయన్‌త్సాంగ్ అనువాదాలను గూర్చి రాసిన మాటలను ప్రసిద్ధ లేఖకుడు చు సుయ్‌లియాంగ్ చేతిరాతను అనుసరించి వాటి మీద చెక్కారు. అవి హ్యూయన్‌త్సాంగ్ బతికుండగానే చెక్కినవి. వాటిని మీరు చూశారా, లేక సంవత్సరాలు లెక్కపెట్టి వెనుదిరిగారా?

రాతికోట:
చూశాను. మీరు నన్ను అజ్ఞానిగా చూపాలనుకుంటున్నారు కాబట్టి నా మనసులో మాట సూటిగా చెబుతాను. మీకు షియాన్ అక్కర్లేదు, షియాన్‌లో అమరావతి కావాలి. ఏ దేశం వెళ్ళినా మన జాడ ఎక్కడుందని వెతికి, అది కనబడిన చోటే దండం పెట్టి వచ్చేస్తే ఆ దేశాన్ని చూసినట్టెలా అవుతుంది? మనతో ఏ సంబంధమూ లేని మనుషులు ఎంత గొప్ప పని చేయగలిగారో తెలియడమే నాకు ముఖ్యం. ఆ బొమ్మల మీద పనివాళ్ళ మేస్త్రీల పేర్లు ముద్రవేసి ఉన్నాయి; రెండువేల ఏళ్ళనాటి కుమ్మరుల పేర్లవి.

కృష్ణాతీరం:
ఆ మేస్త్రీల మీద మీకు అంత గౌరవం ఉన్నందుకే ఇంకొకటి గుర్తుచేస్తున్నాను. సమాధి రహస్యం బయటికి పొక్కకుండా పనివాళ్ళను లోపలే ఉంచి తలుపులు మూసేశారని ప్రాచీన చైనా చరిత్రకారుడు సిమా చియెన్ రాశాడు. ఒక రాజు చావును అలంకరించడానికి జరిగిన పనిని చూసి నేను పరవశించలేను. పరదేశి ఒకడు అంతదూరం నడిచివచ్చి, మన ఊళ్ళో కూర్చుని చదువుకుని, దాన్ని తన ఊళ్ళో నాటాడు. అది మన గొప్ప కాదు, అతని గొప్ప. నేను వెళ్ళింది అతని కోసమే.

రాతికోట:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే దుకాణాల ప్రస్తావన లేకుండానే వాదించుకునేవాళ్ళం. అయినా నా అభిప్రాయం మారదు. తలుపులు మూసి చంపిన రాజును చూడటానికి కాదు, చచ్చినవాళ్ళ చేతిపని చూడటానికే వెళ్ళమంటున్నాను. రాజు సమాధిని నేటికీ తెరవనే లేదు.

యాత్రాసక్తి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నాన్నగారు మెట్లు ఎక్కలేరు. ఆ శిలాఫలకాలు కిందనే ఉన్నాయా, పైకి ఎక్కాలా?

కృష్ణాతీరం:
కింది అంతస్తు గుమ్మం పక్కనే ఉన్నాయి. పైకి ఎక్కడానికి టికెట్ వేరు, అది కొనకండి.

రాతికోట:
గుంతలకు వెళ్ళేటట్టయితే పాస్‌పోర్టు వివరాలతో టికెట్లు ముందుగానే తీసుకోండి. లోపల నడక ఎక్కువ, నాన్నగారికి చక్రాల కుర్చీ ఏర్పాటు చేసుకోండి. అయినా వెళ్ళమనే చెబుతాను.