పాత ట్రస్సు వంతెనను ఉంచాలా, కూల్చాలా?

ఏటిగట్టు:
మా ఏటి మీద నూరేళ్లకు పైగా నిలిచిన ఒంటి వరుస ట్రస్సు (త్రిభుజాలుగా కూర్చిన కమ్మీల చట్రం) వంతెనను కూల్చి, అదే చోట కాంక్రీటు వంతెన కట్టాలన్న ప్రతిపాదనను నేను పూర్తిగా వ్యతిరేకిస్తున్నాను. ఇది 1844లో ప్రాట్ తండ్రీకొడుకులు పేటెంటు పొందిన అమరిక. ఇందులో పొట్టి నిలువు కమ్మీలు నొక్కుడును, పొడవైన ఏటవాలు కమ్మీలు లాగుడును భరిస్తాయి. పొడవైన సన్నని కమ్మీ నొక్కితే వంగిపోతుంది, లాగితే వంగదు. అందుకే తక్కువ లోహంతో ఎక్కువ దూరం దాటగలిగారు. ఏ కమ్మీ ఏ పని చేస్తున్నదో నడిచిపోయేవాడికి కూడా కనిపించే కట్టడాన్ని మళ్లీ ఎవరూ కట్టరు.

బరువుబండి:
ఆ ఇనుప వంతెన దగ్గర బరువు పరిమితి బోర్డు పెట్టిన నాటి నుంచి నేను పంట లోడుతో చుట్టుదారిన తిరుగుతున్నాను. నిరుడు వానల్లో మా అమ్మను ఆసుపత్రికి తీసుకువెళ్తున్న వాహనాన్ని కూడా అక్కడి నుంచే వెనక్కి తిప్పారు. 2007 ఆగస్టు 1న అమెరికాలోని మినియాపొలిస్‌లో ట్రస్సు వంతెన కూలి 13 మంది మరణించారు. మనం కూడా అందాకా ఆగాలా?

ఏటిగట్టు:
ఆ పోలిక చెల్లదు. మినియాపొలిస్ వంతెన కూలింది వయసు వల్ల కాదు. కమ్మీలను కలిపే గసెట్ ప్లేట్లను డిజైనులోనే ఉండవలసిన దానికంటే పలుచగా వేశారు. తరువాత దాని మీది కాంక్రీటు మందం పెంచారు, కూలిన నాడు మరమ్మతు సామగ్రిని కూడా దానిపైనే నింపారు.

రివెట్టు:
ముందు ఒక సంగతి తేలాలి: మన వంతెన ఇనుమా, ఉక్కా? పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల్లో రెండింటితోనూ వంతెనలు కట్టారు. ఆనాటి ఉక్కులో గంధకం, భాస్వరం ఎక్కువగా ఉంటే వెల్డింగు చేసిన చోట పగుళ్లు వస్తాయి కాబట్టి, ముక్క తీసి పరీక్షించనిదే మరమ్మతు గురించి మాట్లాడకూడదు. పాడైన రివెట్ల స్థానంలో అధిక బలం గల బోల్టులు బిగించవచ్చు.

బరువుబండి:
నేను మా అమ్మ సంగతి చెబితే ఒకరు మినియాపొలిస్ లెక్క సరిదిద్దారు, ఇంకొకరు లోహం పేరు అడుగుతున్నారు. బోల్టులు మార్చినంత మాత్రాన పైనున్న అడ్డకమ్మీల ఎత్తు పెరుగుతుందా? 2013లో వాషింగ్టన్ రాష్ట్రంలో స్కాగిట్ నది మీది ట్రస్సు వంతెన అడ్డకమ్మీలకు ఎత్తైన లోడు తగిలి, ఒక భాగమే నదిలో పడిపోయింది. మీకు మన ఏటి వంతెన చూసి మురిసిపోయే బొమ్మ, నాకు రోజూ దాటవలసిన దారి.

బాటసారి:
దయచేసి ఇద్దరూ మాట తగ్గించండి.

ఏటిగట్టు:
మీ అమ్మగారి సంగతి చదివి కూడా దాటవేశాను, అది నా తప్పు. అయితే కొత్త వంతెన వద్దని నేను ఎక్కడా అనలేదు. పక్కన కొత్తది కట్టి, పాతదాన్ని నడిచేవారికీ సైకిళ్లకూ వదిలితే దాని మీద బరువూ తగ్గుతుంది, మీ బండీ దాటుతుంది.

బరువుబండి:
పాతదాని మీద నాకు పగ లేదు. ఏళ్ల తరబడి రంగు వేయించకుండా వదిలేసినవారే ఇప్పుడు తుప్పు పట్టిందని కూల్చమంటున్నారని నాకూ తెలుసు. కానీ పక్కన అంటే ఎక్కడ? ఎగువన ఏరు వంపు తిరుగుతుంది, అక్కడ స్తంభాలు వేస్తే వరదకు పునాది కింద మట్టి కోసుకుపోతుంది. మిగిలింది దిగువ. అక్కడ రెండు గట్ల మీదా దారికి పోయేది మా పొలమే. అదే చోట కట్టమని నేను మొదటి నుంచీ పట్టుబట్టడానికి కారణం అదే.

రివెట్టు:
కమ్మీలను పిన్నులతో కూర్చినదైతే పాత వంతెనను విప్పి, దిగువన కాలిబాట దాటే చోటుకు తరలించవచ్చు. అప్పుడు కొత్తది పాత స్థానంలోనే వస్తుంది, పొలం పోదు.

ఏటిగట్టు:
ఏరు అదే అయితే నాకు అభ్యంతరం లేదు. కానీ విప్పిన కమ్మీలు తిరిగి నిలబడేదాకా ఎవరి అధీనంలో ఉంటాయో ముందు రాతపూర్వకంగా తేల్చాలి. పాత సామాను కొట్టుకు చేరితే తిరిగి రావు.