నాలుగో ల్యాప్‌కే బ్రేక్ పెడల్ మెత్తబడుతోంది, ముందు ఏది మార్చాలి?

నాది రెండు డోర్ల స్పోర్ట్స్ కారు. 2.0 లీటర్ టర్బో పెట్రోల్, రియర్ వీల్ డ్రైవ్, 17 అంగుళాల వీల్స్. ఇంజిన్‌లో ఏమీ మార్చలేదు. వైజాగ్‌లో రోజూ ఆఫీసుకి ఇదే. అప్పుడప్పుడు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి 800 కిలోమీటర్లు నడుపుకుంటూ వెళ్లి, అదే కారులో ఇంటికి రావాలి.

ట్రాక్‌లో మూడు ల్యాప్‌లు బాగానే ఉంటుంది. నాలుగో ల్యాప్‌లో పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, రెండుసార్లు పంప్ చేస్తే గానీ బ్రేక్ పట్టదు. అరగంట ఆపితే కొంత గట్టిపడుతుంది. వైజాగ్‌లో కైలాసగిరి కొండ దిగేటప్పుడు మాత్రం ఎప్పుడూ ఇలా కాలేదు.

కొత్త డాట్ 4 గ్రేడ్ బ్రేక్ ఫ్లూయిడ్ పోయించి రెండుసార్లు బ్లీడ్ చేయించాను (లైన్లలో గాలి తీయించాను). లీకేజీ లేదు. తేమ పీల్చుకుంటే డాట్ 4 కనీస మరుగు స్థానం 230 నుంచి 155 డిగ్రీలకు పడిపోతుందని తెలుసు, కానీ ట్రాక్‌కి వెళ్లే ముందు వారమే మార్పించాను. ముందు వీల్స్‌కి ట్రాక్ ప్యాడ్లు వేయిస్తే కాలిన వాసన తగ్గింది, పెడల్ మాత్రం అంతే. పైగా పొద్దున్నే బీచ్ రోడ్డులో స్లో చేస్తే కీచుమని అరుస్తాయి, వాకింగ్ చేసేవాళ్లంతా తిరిగి చూస్తారు. (సముద్రపు గాలికి రాత్రికి రాత్రే డిస్కుల మీద పట్టే తుప్పు రెండు బ్రేకులకే పోతుంది, అది కారణం కాదు.)

బడ్జెట్ 80 వేలు. పెద్ద బ్రేక్ కిట్‌కి (పెద్ద డిస్కులు, క్యాలిపర్లు) 18 అంగుళాల వీల్స్ కావాలంటున్నారు. మన గుంతల్లో పక్క ఎత్తు అంత తక్కువున్న టైర్లంటే నాకు టెన్షనే.

రేసింగ్ ఫ్లూయిడ్, స్టీల్ బ్రెయిడెడ్ బ్రేక్ లైన్లు (స్టీల్ అల్లిక ఉన్న గొట్టాలు), డిస్కులకి చల్లగాలి తగిలేలా గాలి డక్టులు వేస్తే వరసగా ఎనిమిది ల్యాప్‌లు పెడల్ నిలబడుతుందా, లేక పెద్ద కిట్ తప్పదా?