కాలు లేని పాత్రకి కాళ్లున్న నటుడెందుకు?

రెండోఅడుగు:
నాకు మోకాలి పైనుంచి కాలు తీసేసి చాలా ఏళ్లయింది. సినిమాల్లో, సీరియళ్లలో కాలో చెయ్యో లేని పాత్ర ఉంటే అలాంటి నటులకే ఇవ్వాలని నా వాదన. గ్రాఫిక్స్‌లో కాలు చెరిపేయొచ్చు, నడక ఎక్కణ్ణుంచి తెస్తారు? మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు పెట్టుడు కాలు ముందు. పొద్దున సరిపోయిన సాకెట్ (పెట్టుడు కాలికి పైనుండే తొడుగు) సాయంత్రానికి వదులైపోతుంది, ఓ పక్కకి వెళ్లి స్టంప్‌కి, అంటే మిగిలిన కాలికి, ఇంకో సాక్సు తొడుక్కుని రావాలి. ఇది ఏ సీన్‌లోనైనా చూశారా?

సినిమాప్రియ:
నటనంటేనే తను కానిది అయినట్టు చెయ్యడం కదండీ. డాక్టర్ వేషానికి డాక్టర్నే పెడతారా?

రెండోఅడుగు:
కాలు లేని నటుడికి ఆ డాక్టర్ వేషం ఇస్తున్నారా మరి? అదీ ఇవ్వరు, ఇదీ ఇవ్వరు. 1946లో రెండు చేతులూ పోయిన సైనికుడు హెరాల్డ్ రసెల్‌తో ‘ది బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్’లో వేయిస్తే ఒకే పాత్రకి రెండు ఆస్కార్లు వచ్చాయి. ‘మయూరి’లో సుధా చంద్రన్ తన పాత్ర తనే వేసి, జైపూర్ పెట్టుడు కాలుతో నాట్యం చేసింది.

సినిమాప్రియ:
ఎప్పుడూ ఈ రెండు పేర్లేనా? దొరకరనేగా అర్థం.

నీలిగొడుగు:
వెతికితే కదా దొరకడానికి.

ఒంటిచెయ్యి:
ఎవరు వేశారన్నది కాదండీ, అసలు కథలే తప్పు. సినిమాలో కాలు పోతే యాక్సిడెంట్, లేదంటే యుద్ధం. షుగరు ముదిరి, రక్తనాళాలు మూసుకుపోయి కాలు తీయించుకున్నవాళ్లు ఎంతమంది, వాళ్లలో ఒక్కడైనా తెర మీద కనిపించాడా? చెయ్యి లేనివాడైతే విలన్, లేదా చివర్లో కప్పు గెలుస్తాడు. కాలు పోయిన అరుణిమా సిన్హా 2013లో ఎవరెస్ట్ ఎక్కారు, ఆమెకి దండం. కానీ ఆ వార్త మా బంధువులు నాకు పంపిన ప్రతిసారీ కింద “చూసి నేర్చుకో” అని రాశారు. చొక్కా గుండీలు పెట్టుకోవడం రాక ఏడుస్తున్న రోజుల్లో.

రెండోఅడుగు:
టాపిక్ మార్చకండి. నేనడిగింది నటుల గురించి.

ఒంటిచెయ్యి:
మార్చలేదు. మీరన్నట్టే కాలు లేని నటుణ్ణి తెచ్చి మళ్లీ పరుగుపందెమే గెలిపిస్తే నాకు ఒరిగేదేంటి?

రెండోఅడుగు:
నాకు ఒరిగింది! ఆపరేషన్ అయ్యాక గోడవైపు తిరిగి పడుకున్నవాణ్ణి, అన్నం కూడా వద్దన్నవాణ్ణి, లేపి కూర్చోబెట్టింది అలాంటి కథే. మీ బంధువులు మిమ్మల్ని సతాయించారని ఆ కథలే వద్దంటారా? మంచం మీదున్నవాడికి ఏం చూపిస్తారు, నొప్పా?

ఒంటిచెయ్యి:
అవును, నొప్పే చూపించమంటున్నా. లేని చేతి వేళ్లు బిగుసుకుపోయి గోళ్లు అరచేతిలో దిగుతున్నట్టు ఉండేది. పిచ్చనుకుంటారని ఎవరికీ చెప్పలేదు. వి.ఎస్. రామచంద్రన్ అనే న్యూరోసైంటిస్టు ఉన్న చేతిని అద్దంలో చూపించి, లేని చెయ్యి కదులుతున్నట్టు మెదడుకి అనిపించేలా చెయ్యడం 1990లలోనే మొదలుపెట్టాడట. అందరికీ పనిచెయ్యకపోవచ్చు. ఒక్క సినిమాలో ఒక్క సీన్‌లో ఆ నొప్పి చూసినా అప్పుడే డాక్టర్ని అడిగేవాణ్ణి.

వాణి_66:
మా నాన్నకి షుగర్ వల్ల పాదం తీసేశారు. ఆయన టెన్షన్ అంతా రాత్రిపూట బాత్రూమ్‌కి ఎవర్నీ లేపకుండా ఎలా వెళ్లాలనే. దాని మీద ఎవరైనా సీన్ రాస్తే బాగుండు.

రెండోఅడుగు:
సారీ అమ్మా, నాన్నగారు జాగ్రత్త. ఒంటిచెయ్యి గారూ, మీరు చెప్పిన ఆ నొప్పి చేతులున్న నటుడు చూపించగలడా?

ఒంటిచెయ్యి:
ముందు రాసేవాడికి తెలియాలి కదండీ. కథ రాసే గదిలో మనలో ఒకళ్లని కూర్చోబెట్టాలి, నటుడి సంగతి తర్వాత.

రెండోఅడుగు:
నన్ను కూర్చోబెడితే నేను ఎవరెస్ట్ ఎక్కే కథే రాయిస్తా.

ఒంటిచెయ్యి:
రాయించండి. కిందికి దిగి ఇంటికొచ్చాక గుండీలు ఎలా పెట్టుకుందో కూడా రాయించండి.