శనివారం మీటప్‌లకి వెళ్తే నిజంగా ఏమైనా ఒరుగుతుందా?

వనస్థలి_డీబీఏ:
పదకొండేళ్లుగా ఒకే కంపెనీలో పోస్ట్‌గ్రెస్ డీబీఏని, అంటే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌ని చూసుకునేవాణ్ణి. ఈసారి అప్రైజల్‌లో మా మేనేజర్ "బయట కమ్యూనిటీలో కనిపించండి" అన్నారు. సరే అని పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్లంతా కలిసే ఒక మీటప్‌కి వెళ్లాను. ఎల్బీనగర్ దాకా బండి, అక్కడ మెట్రో, అమీర్‌పేటలో మారి రాయదుర్గం, ఆపైన ఆటో. రానూపోనూ మూడున్నర గంటలు. ఒకాయన వాళ్ల కంపెనీ క్లౌడ్ గురించి గంటసేపు చెప్పాడు. సమోసా తిని, పోస్ట్‌గ్రెస్ గుర్తు నీలం ఏనుగు స్టిక్కర్ తీసుకుని వచ్చేశాను. దాన్ని మా పాప ఫ్రిజ్‌కి అంటించింది. మిగిలిన లాభం అదొక్కటే.

సెంటోస్ 7 అనే లినక్స్ ఓఎస్‌కి సపోర్ట్ 2024 జూన్ 30తోనే ఆగిపోయింది. మా సర్వర్లు సగం ఇంకా దాని మీదే ఉన్నాయి. అన్నిటినీ రాకీ 9 అనే కొత్త లినక్స్‌కి మార్చే పని నెత్తిన ఉంది. ఉద్యోగం మారే ఆలోచన కూడా లేదు. ఇలాంటప్పుడు శనివారాలు పోగొట్టుకోవడం అవసరమా?

బగ్గు_బాబాయ్:
అక్కర్లేదు అన్నా. నేను ఆరు మీటప్‌లు చూశా. సగం మంది రిక్రూటర్లు, మిగతా సగం లింక్డిన్‌లో ఫొటో పెట్టుకోడానికి వచ్చినవాళ్లు. డాక్యుమెంటేషన్ ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు.

విశాఖ_బ్యాకెండ్:
అండీ, సెంటోస్ నుంచి మారుతున్నాం అన్నారు కాబట్టి రాస్తున్నాను.

2022లో మేమూ అదే చేశాం. ఒక ఇన్సూరెన్స్ క్లయింట్. కొత్త మెషీన్‌కి స్ట్రీమింగ్ రెప్లికేషన్ (ఇండెక్స్‌లతో సహా అంతా ఉన్నదున్నట్టు కాపీ అవుతుంది) పెట్టి, ఒక ఆదివారం రాత్రి స్విచ్ చేసేశాం. పది నిమిషాల్లో అయిపోయింది, బిర్యానీ కూడా తెప్పించుకున్నాం. మూడు వారాలకి ఫోన్: ఒకే పాలసీ నంబరు టేబుల్‌లో రెండుసార్లు ఉంది. ఒకే విలువ రెండుసార్లు రానివ్వని యూనిక్ ఇండెక్స్ ఉండగానే! పాత పాలసీలు కొన్ని సెర్చ్‌లో దొరకడం లేదు, టేబుల్ మొత్తం స్కాన్ చేస్తే మాత్రం కనిపిస్తున్నాయి. రెండు రాత్రులు నిద్ర లేదు. తప్పు నాదేనేమో అని టెన్షన్.

చివరికి పోస్ట్‌గ్రెస్ మెయిలింగ్ లిస్ట్‌లో నాకొచ్చిన ఇంగ్లిష్‌లోనే రాశాను. గంట లోపే ఎవరో ముక్కూమొహం తెలియని ఆయన అడిగింది ఒక్కటే: "ఓఎస్ మార్చారా?" అప్పుడు తెలిసింది. లినక్స్‌లో జీలిబ్‌సీ అనే మూల లైబ్రరీ ఉంటుంది, 2018లో వచ్చిన దాని 2.28 వెర్షన్‌లో అక్షరాల వరుస మారింది. పోస్ట్‌గ్రెస్ మామూలుగా టెక్స్ట్ ఇండెక్స్‌ని ఆ వరుసలోనే కడుతుంది. గుణింతం వరుస మార్చేసి పాత నిఘంటువులో పదం వెతికినట్టే: పదం ఉంటుంది, మన చేతికి దొరకదు. మా పాలసీ నంబర్ల నిండా హైఫన్లే, సరిగ్గా అక్కడే దెబ్బ పడింది. డంప్ తీసి మళ్లీ లోడ్ చేసుంటే ఇండెక్స్‌లు కొత్తగా కట్టేది, ఈ గొడవే ఉండేది కాదు. డూప్లికేట్లు ఏరి, రీఇండెక్స్ చేసి బయటపడ్డాం.

ఇదంతా పోస్ట్‌గ్రెస్ వికీలో ఉంది, బగ్గు_బాబాయ్ గారూ. కానీ ఏ పేజీ తెరవాలో తెలియాలి కదా! ఇలా దెబ్బ తిన్న నలుగురితో పరిచయం ఉంటే, వెళ్లేముందే ఎవరో ఒకరు "ఆగండి" అంటారు. ఇప్పుడు మీటప్‌కి వెళ్తే ముందు వరుసలో కూర్చోను. టీ దగ్గర నిలబడతాను, "మొన్న ఏం పగిలింది?" అని అడుగుతాను. క్లౌడ్ అమ్మే టాక్‌లు నేనూ వినను.

వనస్థలి గారూ, ఒక పని చేయండి. 1-1 ఒక లైను, 11 ఒక లైను పెట్టి, లొకేల్ (భాష సెట్టింగ్) en_US.UTF-8లో ఉంచి, రెండు మెషీన్లలోనూ సార్ట్ కమాండ్ కొట్టండి. పాతదాంట్లో 11 ముందొస్తుంది, కొత్తదాంట్లో 1-1.

డాలస్_మావయ్య:
అమ్మాయి చెప్పింది నిజం. నాదొక చిన్న మాట. మేనేజర్ వెళ్లమంటే ఆ టైమ్ ఆఫీసు ఖాతాలో వేయమను బాబూ. నెలకి ఒక శుక్రవారం మధ్యాహ్నం అడుగు. పిల్ల దగ్గర గడపాల్సిన శనివారం ఎందుకు పోవాలి? కమ్యూనిటీ అంటూ ఓపెన్ సోర్స్‌కి కోడ్ పంపే ముందు నీ ఎంప్లాయ్‌మెంట్ అగ్రిమెంట్ కూడా ఒకసారి చదువుకో. ఆఫీసు లాప్‌టాప్‌లో రాసింది మాదే అని కొన్ని కంపెనీలు రాయించుకుంటాయి.

వనస్థలి_డీబీఏ:
మేడమ్, ఇప్పుడే కొట్టాను. సెంటోస్ 7 మీదున్న ప్రైమరీలో (అసలు సర్వర్) 11 ముందొచ్చింది. దాని నకలుగా నడిచే స్టాండ్‌బైని పోయిన నెలే రాకీ 9 మీద పెట్టాం, అక్కడ 1-1 ముందొచ్చింది. రిపోర్టులన్నీ ఆ స్టాండ్‌బై నుంచే వెళ్తున్నాయి. పైగా సోమవారం ఫెయిలోవర్ డ్రిల్, అంటే పనంతా ఆ స్టాండ్‌బైకి మార్చి చూసే రిహార్సల్! ఆపమని ఇప్పుడే మెయిల్ పెట్టాను. ఇండెక్స్‌లు చెడిపోయాయా అని పరీక్షించే యామ్‌చెక్‌తో స్టాండ్‌బైలో ఇండెక్స్‌లు చూడటం మొదలుపెట్టాను, ఇప్పటికి రెండు ఎర్రర్ ఇచ్చాయి. మీరు హైదరాబాద్ మీటప్‌లకి ఎప్పుడైనా వస్తుంటారా?